షార్లట్స్‌విల్‌లో లీ విగ్రహం: 2017లో ఓటేస్తే 2021 దాకా క్రేన్ ఎందుకు రాలేదు?

మీ ప్రశ్నలో నాలుగు ముక్కలున్నాయి. వర్జీనియాలోని షార్లట్స్‌విల్ నగర కౌన్సిల్ 2017 ఫిబ్రవరిలోనే, అమెరికా అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణ రాష్ట్రాల (కాన్ఫెడరేట్) సేనాని జనరల్ రాబర్ట్ ఇ. లీ విగ్రహం తీసేయాలని తీర్మానిస్తే, 2021 జూలై దాకా అది కదలకుండా ఎందుకుంది? క్రేన్ పెట్టి లేపడానికి అంత హడావిడి ఎందుకు? తీశాక మ్యూజియానికి ఇవ్వకుండా కరిగించడమేమిటి? నాలుగోది మీరు చివర్లో పడేసిన మాట: మన దగ్గరైతే రాత్రికి రాత్రే లేపేసేవారు కదా, మా ఊళ్లోనూ ఇలాంటి గొడవే ఉంది, ఏం చూసుకోవాలి అని.

ముందే ఒక మాట. లీ గొప్ప సేనానా, బానిసత్వం కోసం పోరాడినవాడా అనే చర్చ టీవీల్లో, వీధుల్లో నడిచింది. కోర్టులో మాత్రం ఆ చర్చకు పెద్దగా చోటు లేదు. విగ్రహం ఎవరి ఆస్తి, దాని మీద చెయ్యి వేసే అధికారం ఆ యజమానికి ఏ చట్టం ఇచ్చింది లేదా తీసేసింది, ఆ చట్టం తేదీ ఏమిటి అన్నవే అక్కడ తేలాల్సినవి. నాలుగేళ్లూ ఈ మూడో దాని మీదే పోయాయి. చాలా వ్యాసాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

నేపథ్యం క్లుప్తంగా. లీ 1862 నుంచి ఉత్తర వర్జీనియా సైన్యాన్ని నడిపి, 1865 ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో లొంగిపోయాడు. విగ్రహం వెలిసింది 1924 మే 21న, అంటే 59 ఏళ్ల తర్వాత. షార్లట్స్‌విల్‌లో ఆయన యుద్ధం చేసింది లేదు. అదే ఊళ్లో పుట్టి స్టాక్ మార్కెట్‌లో బాగా సంపాదించిన పాల్ గుడ్లో మెకింటైర్ అనే ధనికుడు స్థలం కొని, 1918లో దానపత్రం రాసి పార్కుగా నగరానికి ఇచ్చాడు. విగ్రహం ఖర్చూ ఆయనదే. శిల్పం మొదలుపెట్టిన హెన్రీ ష్రేడీ 1922లో చనిపోతే లియో లెంటెల్లి పూర్తి చేశాడు. తమాషా ఏమిటంటే, వాషింగ్టన్‌లో లీకి ప్రత్యర్థి అయిన గ్రాంట్ స్మారకాన్ని చెక్కిందీ ఈ ష్రేడీయే. మెకింటైర్ ఇచ్చిన మరో సేనాని విగ్రహం, స్టోన్‌వాల్ జాక్సన్‌ది, 1921లో కోర్టు పక్కన పెట్టారు. అందుకోసం చదును చేసిన స్థలంలో అంతకుముందు నల్లజాతి కుటుంబాలు ఉండేవి. 1924 మార్చిలోనే వర్జీనియా శాసనసభ జాత్యంతర వివాహాలను నిషేధించే చట్టం చేసింది. అంతర్యుద్ధానికి ముందు షార్లట్స్‌విల్ ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) జనాభాలో సగానికి పైగా బానిసలే. విగ్రహాన్ని వ్యతిరేకించినవాళ్లు ఎత్తి చూపినవి ఇవీ. లీ స్వయంగా 1869లో, గెటిస్‌బర్గ్‌లో స్మారకాలు నిలపడం గురించి పిలుపు వస్తే, యుద్ధపు గాయాలను కెలకవద్దన్న ధోరణిలో జవాబు రాసి తప్పుకున్నాడు.

2016 మార్చిలో ఒక హైస్కూల్ విద్యార్థిని పిటిషన్‌తో విషయం కౌన్సిల్ ముందుకొచ్చింది. కౌన్సిల్ ఒక కమిషన్ వేసింది. అది ఆ ఏడాది డిసెంబరులో నివేదిక ఇచ్చి రెండు దారులు చూపింది: ఉన్నచోటే ఉంచి చుట్టూ అసలు చరిత్ర తెలిసేలా మార్చడం, లేదా ఊళ్లోనే ఉన్న మెకింటైర్ పార్కుకు తరలించడం. 2017 జనవరిలో ఓటింగు 2–2తో ఆగింది, ఒక సభ్యుడు తటస్థంగా ఉండిపోయాడు. ఫిబ్రవరి 6న ఆయన మనసు మార్చుకోవడంతో 3–2తో తీర్మానం నెగ్గింది. మార్చి 20న తీయొద్దంటూ కేసు పడింది. మే 2న సర్క్యూట్ కోర్టు జడ్జి రిచర్డ్ మూర్ ఆరు నెలలకు ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) ఇచ్చారు. ఆ తర్వాత అది పొడుగుతూనే పోయింది.

ఇక చట్టం దగ్గరికి వద్దాం.

అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ నగరాలకు ఒకే స్వేచ్ఛ ఉండదు. వర్జీనియా డిల్లన్ సూత్రం పాటించే రాష్ట్రం. అంటే రాష్ట్రం చట్టంలో స్పష్టంగా ఇచ్చిన అధికారమే నగరానికి ఉంటుంది, ఇవ్వనిది లేదు, అనుమానం వస్తే లేనట్టే లెక్క. మన మున్సిపాలిటీల చట్టం అలవాటైనవాళ్లకు ఇది కొత్త కాదు. కాబట్టి పార్కూ విగ్రహమూ నగరానివే అయినా "నా ఆస్తి, నా ఇష్టం" అనడానికి షార్లట్స్‌విల్‌కు వీల్లేదు. రాష్ట్ర చట్టం అడ్డు చెప్పడం లేదని చూపించుకోవాలి.

అడ్డుపడింది వర్జీనియా కోడ్‌లోని 15.2-1812 సెక్షన్. దీని మూలం 1904 నాటి చట్టం. కౌంటీలు తమ కోర్టు ఆవరణల్లో కాన్ఫెడరేట్ సైనికుల స్మారకాలు పెట్టుకోవచ్చని, ఒకసారి పెట్టాక వాటిని ఎవరూ కదపకూడదని అది చెప్పింది. గమనించండి, కౌంటీలు మాత్రమే. నగరాల ఊసు లేదు. వర్జీనియాలో నగరం కౌంటీలో భాగం కాదు, రెండూ వేర్వేరు పాలనా విభాగాలు. 1997లో చట్టాలన్నిటినీ తిరగరాసి సర్దేటప్పుడు "కౌంటీ" అన్నచోట "స్థానిక సంస్థ" అని పెట్టారు. అప్పుడు నగరాలూ దాని కిందికి వచ్చాయి. అసలు చిక్కు ఇదే: 1997లో నగరాలను చేర్చిన చట్టం, 1924లో ఒక నగరం పెట్టిన విగ్రహానికి వర్తిస్తుందా?

ఈ ప్రశ్న అప్పటికే ఒకసారి తేలినట్టు కనిపించింది. డాన్‌విల్ అనే మరో నగరంలో కాన్ఫెడరేట్ జెండా విషయంలో 2015లో స్థానిక జడ్జి "వర్తించదు" అన్నారు, రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ అప్పీలు తీసుకోలేదు. అప్పీలు తీసుకోకపోవడం అంటే తీర్పు సరైనదని ముద్ర వేసినట్టు కాదు, వేరే సర్క్యూట్ జడ్జికి అది శిరోధార్యమూ కాదు. శాసనసభలో మెజారిటీ పక్షం ఈ సందు మూసేయడానికి 2016లో ఒక బిల్లు పాస్ చేసింది, ఏ ఏడాది పెట్టిన స్మారకానికైనా చట్టం వర్తిస్తుందని. గవర్నర్ టెర్రీ మెకాలిఫ్ దాన్ని వీటో చేశారు. పాత చట్టంతోనే సరిపోయేటట్టయితే ఆ బిల్లు అవసరమేమొచ్చింది అని నగరం తరఫువాళ్లు అడగడానికి ఇది పనికొచ్చింది.

షార్లట్స్‌విల్‌లో మాత్రం జడ్జి మూర్ చట్టం వర్తిస్తుందనే అభిప్రాయానికి వచ్చారు. 2019 ఏప్రిల్‌లో ఇవి యుద్ధ స్మారకాలేనని తేల్చారు. విగ్రహాలు జాతి వివక్షకు గుర్తులు కాబట్టి సమాన రక్షణ హక్కుకు విరుద్ధమన్న నగరం వాదన కూడా నిలవలేదు. ఆ సెప్టెంబరులో శాశ్వత ఇంజంక్షన్ వచ్చింది, ఫిర్యాదుదారుల లాయర్ల ఖర్చు కూడా నగరమే కట్టాలన్నారు. ఓటేసిన కౌన్సిలర్ల మీద వ్యక్తిగతంగానూ దావా వేశారు. శాసనపరమైన పనికి వాళ్లకు రక్షణ ఉంటుందని 2019లో అదే జడ్జి వాళ్లను తప్పించారు. అయితే అప్పటికి రెండేళ్లకు పైగా ఆ కత్తి వాళ్ల తల మీద వేలాడుతూనే ఉంది. ఇలాంటి కేసుల్లో ఇంజంక్షన్ కంటే ఎక్కువగా భయపెట్టేది ఇదే. సభ్యుడి సొంత ఇల్లు, పొదుపు ప్రమాదంలో పడుతుందంటే తర్వాతి ఊళ్లో తీర్మానం పెట్టేవాడు ఉండడు.

మధ్యలో 2017 ఆగస్టు. విగ్రహాన్ని కాపాడతామంటూ శ్వేతజాతి అతివాదులు 11వ తేదీ రాత్రి యూనివర్సిటీలో కాగడాలతో ఊరేగారు. 12న గుంపు మీదికి కారు తోలడంతో హెదర్ హేయర్ అనే 32 ఏళ్ల మహిళ చనిపోయారు. పైనుంచి గమనిస్తున్న పోలీసు హెలికాప్టర్ కూలి ఇద్దరు అధికారులు మరణించారు. ఇంత జరిగాక, అంతకుముందు ఒప్పుకోని సభ్యులు సైతం తీసేయాలనే అన్నారు. అయినా కోర్టు ఉత్తర్వు ఉత్తర్వే. నగరం చేయగలిగింది సంతాపంగా నల్ల టార్పాలిన్ కప్పడం ఒక్కటే. ఆగస్టు 23న కప్పారు. ఎవరో ఒకరు రాత్రిపూట లాగేయడం, సిబ్బంది మళ్లీ కట్టడం, ఇలా ఆరు నెలలు నడిచింది. సంతాపం తాత్కాలికం అయితే టార్పాలిన్ కూడా తాత్కాలికమే కావాలని 2018 ఫిబ్రవరిలో కోర్టు దాన్నీ తీయించింది.

ముడి రెండు వైపుల నుంచి విడింది. 2019 ఎన్నికల్లో శాసనసభ చేతులు మారింది. 2020లో అదే సెక్షన్‌ను సవరించారు, జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త పద్ధతి ఇదీ: పత్రికలో నోటీసు వేయాలి, కనీసం 30 రోజులు ఆగి బహిరంగ విచారణ పెట్టాలి, ఆ తర్వాతే ఓటు. తీసేయాలని నెగ్గితే మ్యూజియాలకు, చరిత్ర సంఘాలకు, ప్రభుత్వ సంస్థలకు, యుద్ధభూమి సంస్థలకు 30 రోజులు ఇవ్వజూపాలి. చివరికి ఎవరికివ్వాలి, ఏం చేయాలి అన్నది స్థానిక సంస్థ ఇష్టం. రెండోది 2021 ఏప్రిల్ 1న వచ్చిన రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు. 1997 నాటి మార్పు ఆ తర్వాతి కాలానికే తప్ప వెనక్కి వర్తించదు, కాబట్టి 1920లలో ఒక నగరం పెట్టిన విగ్రహాలకు ఆ రక్షణ ఏనాడూ లేదు అని. లాయర్ల ఖర్చు ఉత్తర్వు కూడా కొట్టేశారు. అంటే 2017 ఫిబ్రవరి 6 నాటి తీర్మానానికి అడ్డుపడ్డ చట్టం అసలు అడ్డే కాదన్నమాట!

తీర్పు వచ్చాక కూడా నగరం దూకలేదు, అది తెలివైన పని. కొత్త పద్ధతిని అక్షరం పొల్లు పోకుండా పాటించింది. నోటీసు వేసి, జూన్ 7న విచారణ పెట్టి, అదే రోజు ఏకగ్రీవంగా ఓటేసింది. 30 రోజుల గడువు ముగిసిన మరుక్షణం, జూలై 9న కంచె వేశారు, 10 శనివారం ఉదయం క్రేన్ వచ్చింది. లీ, జాక్సన్ ఇద్దరూ ఒకే పూటలో కదిలారు. కాంట్రాక్టర్ మనుషులూ యంత్రాలూ అక్కడే ఉన్నాయి కదా అని కౌన్సిల్ అప్పటికప్పుడు అత్యవసర సమావేశం పెట్టి లూయిస్–క్లార్క్–సకజవియా (పడమటి దారులు వెతికిన ఇద్దరు అన్వేషకులు, వాళ్ల వెంట నడిచిన ఆదివాసీ మహిళ) విగ్రహం కూడా అదే రోజు తీయించింది. ఆ విగ్రహం విషయంలో 2019లోనే నిర్ణయం అయింది, క్రేన్ మళ్లీ తెప్పించే ఖర్చు మిగిలింది. ఖర్చు లెక్క తెలిసినవాళ్ల నిర్ణయం అది.

పక్కనే వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌ది వేరే కథ, ఎందుకంటే కాగితాలు వేరు. అక్కడి లీ విగ్రహం 1890లో పెట్టింది, యజమాని రాష్ట్ర ప్రభుత్వం. స్థలం ఇచ్చినప్పుడు దాన్ని భక్తితో కాపాడతామని రాష్ట్రం హామీ పత్రం రాసిచ్చింది. 2020 జూన్‌లో గవర్నర్ తీస్తామంటే ఆ దస్తావేజులు పట్టుకుని దావాలు వచ్చాయి. ఒక తరం ప్రభుత్వం తర్వాతి తరాల నోరు శాశ్వతంగా కట్టేయలేదని 2021 సెప్టెంబరు 2న రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది, 8న లేపారు. అదే రిచ్‌మండ్‌లో నగరం సొంత విగ్రహాలను మాత్రం మేయర్ 2020 జూలై 1నే అత్యవసర అధికారాలతో తీయించడం మొదలుపెట్టారు. మూడు చోట్లా అదే యుద్ధం, అదే సేన. యజమానీ పత్రమూ వేరు కాబట్టి కాలమూ వేరు.

ఇప్పుడు క్రేన్ సంగతి. గుర్రం మీద మనిషి ఉన్న కంచు విగ్రహం చూడ్డానికి ముద్దలా ఉంటుంది గానీ లోపల బోలు. పోత మందం సాధారణంగా 6 నుంచి 10 మిల్లీమీటర్లు. బరువు అంచనాకు పైతలం వైశాల్యాన్ని మందంతో, సాంద్రతతో గుణించాలి. 25 చదరపు మీటర్లు, సగటు మందం 8 మి.మీ. అనుకుంటే 0.2 ఘనపు మీటర్లు. కంచు ఘనపు మీటరు సుమారు 8.7 టన్నులు, కాబట్టి 1.74 టన్నులు. దీని మీద లోపలి ఇనుప చట్రం, మిగిలిపోయిన పోత ఇసుక, కాళ్ల కింద కంచు పలక కలిపి కనీసం సగం అదనం వేసుకోవాలి. పాత విగ్రహాల్లో మందం చోటుచోటుకీ మారుతుంది కాబట్టి అల్ట్రాసోనిక్ గేజ్‌తో కనీసం ఇరవై ముప్పై చోట్ల కొలుస్తారు. రిచ్‌మండ్ లీ 21 అడుగుల ఎత్తు, 12 టన్నులు. షార్లట్స్‌విల్‌ది దిమ్మెతో కలిపి 26 అడుగులే, దానికంటే చాలా చిన్నది.

బరువు కంటే ముందు చూడాల్సింది నీళ్లు. వందేళ్ల వానకు అతుకుల్లోంచి దిగిన నీరు గుర్రం పొట్టలో నిలుస్తుంది. కింద కారే రంధ్రం మూసుకుపోతే అది అక్కడే ఉంటుంది. లేపేటప్పుడు ఒక వైపుకి పారి బరువు మధ్యబిందువును మార్చేస్తుంది. అందుకే ముందు రోజే పొట్ట అడుగున చిన్న రంధ్రం వేసి కార్చేయాలి. అదే రంధ్రంలోంచి ఎండోస్కోపు కెమెరా దూర్చి లోపలి చట్రం చూస్తారు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కంచును లోపలినుంచి చీలుస్తుంది. ఈ చీలికలు ఎక్కువగా గిట్ట పైన, మడమ దగ్గర వస్తాయి. రౌతు విడిగా పోతపోసి జీను దగ్గర బోల్టులతో బిగించినవాడా అన్నదీ ఇప్పుడే తేల్చుకోవాలి. అది చూడకుండా గుర్రానికి మాత్రమే బెల్టులు వేస్తే పైన రౌతు వదులై ఊగుతాడు.

బెల్టులు పాలియెస్టర్‌వి, వెడల్పువి వాడతారు, గొలుసులు కాదు. ఒకటి ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ, ఇంకొకటి వెనకకాళ్ల ముందు పొట్ట చుట్టూ. మెడకు, తోకకు, కాళ్లకు ఎన్నడూ కట్టరు. జీను అంచు, ఖడ్గం ఒర లాంటి పదునైన చోట్ల రబ్బరు మెత్తలు పెడతారు. రెండు బెల్టులూ నేరుగా ఒకే కొక్కేనికి కాకుండా పైన అడ్డదూలానికి వేస్తే పక్కలు నొక్కుకోవు.

కింద అతుకు విడదీయడమే అసలు పని. కంచు పలక గ్రానైట్ దిమ్మె మీద సున్నమో సీసమో పరిచి కూర్చుంటుంది. దాంట్లోంచి కడ్డీలు రాతిలోకి దిగి ఉంటాయి. ఆ రోజుల్లో రంధ్రంలో కరిగిన సీసం పోసి బిగించేవారు. డ్రాయింగులో నాలుగు కడ్డీలని ఉంటే ఆరు ఉండడం మామూలే. పలకకూ రాతికీ మధ్య సందులో రంపం దూర్చి ఒక్కొక్కటీ కోస్తారు, చుట్టూ ఉక్కు చీలలు సమానంగా కొడుతూ అంటుకున్నది విడదీస్తారు. క్రేన్ కొక్కేనికి లోడ్ సెల్ (బరువు చూపే పరికరం) తగిలించి అంకె చూస్తూ లాగుతారు. లెక్క ప్రకారం 3 టన్నులు ఉండాల్సింది 4 దాటుతున్నా కదలకపోతే ఆపేయాలి, ఎక్కడో ఇంకా కోయని కడ్డీ ఉన్నట్టే. ఆ సమయంలో ఆపరేటర్ కంగారుపడి ఇంకొంచెం లాగితే కడ్డీ తెగదు, కాలు విరుగుతుంది. తెగినా ప్రమాదమే, ఒక్కసారిగా వదులై కొక్కెం పైకి ఎగిరి ఊగుతుంది. అంతా విడిందని తేలాక కూడా మొదట ఒక జానెడు లేపి కొన్ని నిమిషాలు ఆపి, వంగుతోందా, కొత్త చప్పుడు వస్తోందా చూసుకుని ముందుకెళ్తారు.

క్రేన్ మీద రాసిన టన్నుల్ని నమ్మకూడదు. 50 టన్నుల క్రేన్ ఆ బరువు ఎత్తేది మూడు మీటర్ల దూరంలోనే. పార్కు అంచున రోడ్డు మీద నిలబడి 18 మీటర్లు చాపాల్సి వస్తే మోడల్‌ని బట్టి అయిదారు టన్నులకు పడిపోతుంది. పచ్చికలోకి తీసుకెళ్తే జాకీల కింద నేల దిగబడుతుంది, కింద గ్యాస్, డ్రైనేజీ గొట్టాలుంటే చెప్పనక్కర్లేదు. జాకీల కింద మందపాటి దుంగల పరుపు వేయకుండా దిగేవాడు ఈ పని రాదని అర్థం. ఇక దారి: వర్జీనియాలో వాహనం మీద సరుకుతో కలిపి 13 అడుగుల 6 అంగుళాల కన్నా ఎత్తుండకూడదు, దాటితే ప్రత్యేక అనుమతి, వంతెనల లెక్క. రిచ్‌మండ్‌లో లీని నడుము దగ్గర రెండుగా కోసింది అందుకే. దాన్ని అవమానంగా చూసినవాళ్లున్నారు, ఫ్లైఓవర్ల ఎత్తు చూసినవాళ్లకు ఆశ్చర్యం ఉండదు.

దిమ్మె వేరే పని, వేరే రోజు. ఒక్కో రాయికి అంకె వేసి, ఫొటో తీసి దించుతారు. పునాదిలో ఆనాటి వస్తువులు దాచిన పెట్టె ఏదైనా ఉండే అవకాశం ఉంటుంది. రిచ్‌మండ్‌లో అందరూ వెతికిన రాగి పెట్టె మొదట దొరకలేదు. దిమ్మె విప్పుతూ పోతే 2021 డిసెంబరు 17న ముందు ఇంకో సీసపు పెట్టె, తర్వాత 27న అసలుది బయటపడ్డాయి.

ఇన్ని చెప్పాక అసలు ఇబ్బంది ఇంజనీరింగ్ కాదు, పనికి వచ్చేవాడు దొరకకపోవడం. న్యూ ఆర్లీన్స్‌లో 2016 జనవరిలో ఈ పనికి ఒప్పుకున్న కాంట్రాక్టర్ చంపేస్తామన్న బెదిరింపులతో తప్పుకున్నాడు, ఆ తర్వాత ఆయన కారు తగలబెట్టారు. మరుసటి ఏడాది పని చేసినవాళ్లు ముఖాలు కప్పుకుని, లారీల మీద కంపెనీ పేర్లు మూసేసి, ఎక్కువగా రాత్రిపూట చేశారు. రిచ్‌మండ్ నగరం తన విగ్రహాలన్నిటికీ కలిపి 18 లక్షల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. అంత ఎందుకని విమర్శ వచ్చింది గానీ, అందులో క్రేన్ అద్దె ఎంత, బెదిరింపుల మధ్య పని చేసే ధైర్యానికి ఎంత అని విడదీసి చూడాలి. బీమా సంస్థలు కూడా ఇలాంటి పనికి మామూలు రేటు వేయవు. షార్లట్స్‌విల్ పనీ రిచ్‌మండ్‌లో చేసిన టీమ్ హెన్రీ ఎంటర్‌ప్రైజెస్ చేతికే వెళ్లింది.

మూడో ప్రశ్న, కరిగించడం. మ్యూజియానికి ఇవ్వొచ్చు కదా అన్నది మంచి ప్రశ్నే, కానీ మ్యూజియం వైపు నుంచి చూడండి. టన్నుల బరువుకు నేల ఆనాలి, పైకప్పు ఎత్తుండాలి, తలుపు పట్టాలి. మళ్లీ ఎవరో కాగడాలు పట్టుకొస్తే కాపలా ఖర్చు ఎవరిది? ఆరుబయట పెడితే చోటు మారిన అదే స్మారకం అవుతుంది. వచ్చిన ప్రతిపాదనల్లోంచి కౌన్సిల్ 2021 డిసెంబరు 7న లీ విగ్రహాన్ని ఊళ్లోనే ఉన్న జెఫర్సన్ స్కూల్ ఆఫ్రికన్ అమెరికన్ హెరిటేజ్ సెంటర్‌కు ఇచ్చింది. కరిగించి ఆ కంచుతోనే కొత్త ప్రజా శిల్పం చేయిస్తామన్నది వాళ్ల ప్రతిపాదన. విగ్రహాన్ని తామే తీసుకుంటామని అడిగి దక్కని రెండు సంస్థలు మళ్లీ కోర్టుకెళ్లాయి. ఆ కేసు 2023లో ముగిశాక, అక్టోబరు 21న దక్షిణాదిలో పేరు చెప్పని ఒక ఫౌండ్రీలో పని మొదలైంది. భద్రత కోసమే ఆ గోప్యం. జాక్సన్ విగ్రహం లాస్ ఏంజెలెస్‌లోని ఒక కళా సంస్థ 50,000 డాలర్లకు కొనుక్కుంది. కళాకారిణి కారా వాకర్ దాన్ని ముక్కలు చేసి మళ్లీ వేరే రూపంలో అమర్చారు, 2025 అక్టోబరులో ప్రదర్శనకు పెట్టారు.

కంచు వెయ్యి డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కరుగుతుంది, పోయడానికి ఇంకో వంద రెండు వందలు ఎక్కువ కావాలి. లీ విషయంలో కొలిమి వేడి 2,250 ఫారెన్‌హీట్ డిగ్రీలని పత్రికలు రాశాయి, అంటే సుమారు 1,230 సెల్సియస్. మొత్తం విగ్రహం ఒకేసారి మూసలో పట్టదు. ముక్కలుగా కోసి, లోపలి ఇనుము, ఇసుక, పైన పూసిన మైనం తీసేసి, విడతలుగా వేస్తారు. ముక్కను ముందే వేడిచేసి ఆరబెట్టడం తప్పనిసరి. మడతలో చెంచాడు తేమ మిగిలినా కరిగిన లోహంలో పడగానే ఆవిరై పేలుతుంది. పాత కంచులో సీసం ఉంటే పొగ కూడా ప్రమాదమే. వచ్చిన లోహాన్ని కడ్డీలుగా పోసి నిల్వ చేస్తారు. కొత్త శిల్పానికి వాడేముందు పరీక్షించి రాగి, తగరం పాళ్లు సరిచేసుకోవాలి, లేకపోతే పోతలో బొరియలు పడతాయి.

చివరగా మన సంగతి. రాత్రికి రాత్రే లేపేయడం మన దగ్గరా ఎప్పుడూ అంత సులువు కాదు. 1857లో అలహాబాద్ ప్రాంతంలో మారణహోమం సాగించిన కర్నల్ నీల్ విగ్రహం మద్రాసు మౌంట్ రోడ్డులో ఉండేది. ఆయన దళం మద్రాస్ ఫ్యూజిలియర్స్. ఆంధ్ర జిల్లాలూ అదే ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. 1927లో దాన్ని తీసేయాలని సత్యాగ్రహం నడిచింది, సుత్తులతో కొట్టినవాళ్లు జైలుకెళ్లారు, గాంధీ అహింసగా చేయండని మద్దతిచ్చారు. విగ్రహం మాత్రం కదల్లేదు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకే అది రోడ్డు మీంచి వెళ్లింది, ఆ తర్వాత మ్యూజియానికి చేరింది. అక్కడా పదేళ్లే.

ఇప్పటి పరిస్థితికి వస్తే, 2013 జనవరి 18న మన సుప్రీంకోర్టు రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజోపయోగ స్థలాల్లో ఇకమీదట విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలను ఆదేశించింది. "ఇకమీదట" అన్నదాన్ని మీ ఊరి రెండు వర్గాలూ తమకు కావాల్సినట్టు చదువుకుంటున్నట్టున్నాయి. ఆ తేదీకి ముందు అనుమతితో పెట్టినదాన్ని ఈ ఆదేశం ఒక్కటే చూపించి తీయించడం కష్టం. తర్వాత పెట్టినదాన్ని ఈ ఆదేశం ముందు నిలబెట్టుకోవడం అంతకంటే కష్టం. కాబట్టి సెంటర్లో గొంతు చించుకునే ముందు ఈ కాగితాలు తెప్పించండి: విగ్రహం ఉన్న జాగా సర్వే నంబరు, అది మున్సిపాలిటీదా, ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారులదా అన్న రికార్డు, అనుమతినిచ్చిన కౌన్సిల్ తీర్మానం నంబరు, తేదీ, రోడ్డు యజమాని శాఖ, పోలీసు శాఖ ఇచ్చిన నిరభ్యంతర పత్రాలు, దాత ఎవరైనా ఉంటే వాళ్ల లేఖ, అందులో షరతులు. మున్సిపల్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "రికార్డు లభ్యం కాలేదు" అని జవాబొస్తే దాన్నీ జాగ్రత్తగా దాచుకోండి, కోర్టులో అదే మీ మొదటి కాగితం అవుతుంది. జవాబు రాగానే ఇక్కడ పెట్టండి, తేదీలు చూసి మీ కేసు ఎటు మొగ్గుతుందో చెబుతాను.